నమోదు 31, హాజరు 27

మా మిద్దె మీద నిలబడితే సందు అవతల ఉన్న ప్రాథమిక పాఠశాలలో ఒక గది లోపలిదాకా కనిపిస్తుంది. ఆ గది కిటికీకి ఒక రెక్క ఊడిపోయి చాలాకాలమైంది. రెక్క లేని ఆ సగంలోంచి నల్లబల్ల ఎడమ మూల తేటగా కనబడుతుంది. ఈ వేసవి అంతా ఆ మూలన ఒకటే రాత ఉంది: తేదీ 23-4-2025, బుధవారం, మూడో తరగతి, నమోదు 31, హాజరు 27. బడి మూసే రోజు రాసినది. మర్నాటి నుంచి సెలవులు కదా, చెరిపే చెయ్యి లేదు. పొద్దున బట్టలు ఆరేయడానికి వెళ్లినప్పుడూ, సాయంత్రం వడియాలు ఎత్తడానికి వెళ్లినప్పుడూ నా చూపు అటే పోయేది. ఊళ్లోకి మామిడికాయలు వచ్చాయి, పోయాయి. ఒకటి రెండు గాలివానలు కొట్టాయి. ఆ గదిలో మాత్రం ఏప్రిల్ 23 కదల్లేదు. మొదట్లో చూసి ఊరుకున్నాను. పోనుపోను ఆ రెండంకెల మధ్య తేడా నన్ను పట్టుకుంది. ముప్పై ఒకటిలో ఇరవై ఏడు పోతే నాలుగు. ఎవరా నలుగురు? చివరిరోజు కదా అని ఇంట్లోవాళ్లే పంపలేదా? జ్వరమా? అమ్మమ్మగారి ఊరికి ఒకరోజు ముందే బస్సెక్కారా? లేక అంతకు ఎన్నో రోజుల ముందు నుంచే రావడం మానేశారా? నాకెందుకు ఈ లెక్క అని ఎన్నిసార్లు అనుకున్నానో! నేను ఎన్నడూ పాఠం చెప్పినదాన్ని కాను. ఆ నలుగురిలో ఒక్కరి మొహం కూడా నాకు తెలియదు. అయినా వడియాల చేట పట్టుకుని నిలబడి ఆ తీసివేత మళ్లీ మళ్లీ చేస్తూనే ఉన్నాను.

బడి నడిచే రోజుల్లో ఆ మూల పద్ధతే వేరు. పొద్దున వేపచెట్టుకు వేలాడదీసిన రైలు పట్టా ముక్క మీద ఎవరో పిల్లవాడు రెండు చేతులా గంట కొడతాడు. వరసలు కడతారు. ప్రార్థన, ‘మా తెలుగు తల్లికి’, ఆ తర్వాత ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞను 1962లో, విశాఖపట్నంలో ఖజానా అధికారిగా ఉన్న పైడిమర్రి వెంకట సుబ్బారావుగారు తెలుగులోనే రాశారనీ, దేశంలోని మిగతా భాషలకు అది ఇక్కడి నుంచే వెళ్లిందనీ ఆ పిల్లల్లో ఎందరికి తెలుసో. నాకే నలభై దాటాక తెలిసింది. చెయ్యి చాచి అందరూ ఒకే గొంతుతో చెబుతారు. ఆ గొంతులో ఎవరిదీ విడిగా వినపడదు. గదిలోకి వచ్చాక హాజరు మొదలవుతుంది. అప్పుడు ఆ ఒక్క గొంతే ముప్పై ముక్కలవుతుంది. ఒకటి బొంగురుగా, ఒకటి ముక్కుతో, ఒకటి అరిచినట్టుగా, ఒకటి ఉందో లేదో అన్నట్టుగా. మిద్దె మీదికి మాటలు సరిగ్గా వినిపించవు కానీ ఆ ఆగి ఆగి పలికే వరస వినిపిస్తుంది. నడుమ ఎక్కడైనా ఒక పేరు తర్వాత జవాబు రాకపోతే ఆ ఖాళీ కూడా వినిపిస్తుంది.

హాజరు అయ్యాక ఎవరో ఒక పిల్లో పిల్లవాడో కుర్చీ ఎక్కి మూలన అంకెలు వేస్తారు. ఆ తర్వాత రోజంతా నల్లబల్ల మీద ఎన్ని వస్తాయో, ఎన్ని పోతాయో! తెలుగులో ఒత్తులు, లెక్కల్లో గుణకారాలు, ఇంగ్లీషు పదాలు, పరిసరాల పాఠంలో ఒక చెట్టు బొమ్మ, దాని వేరు, కాండం, ఆకు. డస్టర్ అన్నింటినీ తుడిచేస్తుంది. ఆ మూలకు జానెడు దూరంలో మాత్రం ఆగిపోతుంది. టీచరమ్మ చెయ్యి అలవాటుగా ఆగుతుందో, కావాలనే ఆపుతుందో తెలియదు. సాయంత్రం ఇంటి బెల్ కొట్టేదాకా ఆ రెండంకెలూ అక్కడే ఉంటాయి. ఒకరోజు వంట చేసే ఆమె గుమ్మం దగ్గరికొచ్చి, “ఈపొద్దు ఎంతమంది మేడం?” అని అడగబోయి, మూల వైపు చూసి తనే తలూపుకుని వెళ్లిపోవడం చూశాను. ఎన్ని గుడ్లు ఉడకేయాలో ఆ అంకె చెబుతుంది. ఎన్ని గ్లాసుల బియ్యం పోయాలో చెబుతుంది. నమోదు ముప్పై ఒకటైనా పొయ్యి మీదికి ఎక్కేది ఇరవై ఏడే. రానివాడి వంతు గుడ్డు ఆరోజుకు లేదు. పదకొండున్నరకు సాంబారు పోపు వాసన మా మిద్దె మీదికి వచ్చినప్పుడు నాకు ముందు గుర్తొచ్చేది అదే.

ఒకప్పుడు ఈ దినచర్య అంటే నాకు గిట్టేది కాదు. గంట, వరస, గంట, పాఠం, గంట, ఇంకో పాఠం. పిల్లల మనసును ముక్కలు కోసి డబ్బాల్లో సర్దినట్టు అనిపించేది. ఆ రోజుల్లోనే గిజుభాయి ‘పగటికల’ చదివాను. 1932లో గుజరాతీలో వచ్చిన ఆ చిన్న పుస్తకంలో అయ్యవారు మొదటిరోజే తను అనుకున్నదంతా తలకిందులైతే చూసి, మర్నాడు కథతో మొదలుపెడతాడు. తర్వాత ‘రైలుబడి’ దొరికింది. తెత్సుకో కురోయనాగి తను చిన్నప్పుడు జపాన్‌లో చదువుకున్న తోమోయే బడి గురించి రాసినది. పాత రైలుపెట్టెలే అక్కడ తరగతి గదులు. రోజు మొదట్లోనే ఆనాటి పాఠాలన్నీ బల్ల మీద రాసి, నీకు ఇష్టమైనదానితో మొదలుపెట్టు అంటారట. ఒకరు బొమ్మ వేస్తుంటే పక్కవాళ్లు లెక్క చేస్తుంటారు, ఇంకొకరు వెనక సీసాలో ఏదో మరిగిస్తుంటారు. అది చదివి ఎన్ని రాత్రులు నిద్రపట్టలేదో. మా బడి అలా ఎందుకు లేదని చిన్నపిల్లలా కోపం వచ్చింది. ఆ బడి 1945లో బాంబుల మంటల్లో కాలిపోయిందని ఆఖరున చదివినప్పుడు సొంత ఊరి బడి పోయినట్టే బాధపడ్డాను. ఇప్పుడు ఆ రెండు పుస్తకాలూ మళ్లీ తీస్తే నా కళ్లు వేరే చోట ఆగుతున్నాయి. తోమోయేలో ఏ పిల్ల ఏది ముందు పట్టుకుందో, ఎక్కడ తట్టుకుందో ప్రధానోపాధ్యాయుడైన కొబయాషి మాస్టారికి తెలిసేది. పాఠాల వరస వదిలేశాడే కానీ పిల్లల్ని చూడటం వదల్లేదు ఆయన. నేను అన్నాళ్లూ ద్వేషించింది గంటనేనా? లేక గంట కొట్టినా తల ఎత్తి చూడని వాళ్లనా?

నేను చదివింది ఏకోపాధ్యాయ పాఠశాల. ఒకే గది, ఒకే అయ్యవారు, ఐదు తరగతులు. ఒకటో తరగతివాళ్లు పలకల మీద దిద్దుతుంటే రెండో తరగతి ఎక్కాలు వల్లించేది. మూడో తరగతి చూచిరాత రాసేది. నాలుగు, ఐదు తరగతులకు ఆయన పాఠం చెప్పేవారు. చెబుతూనే, వెనక ఎక్కం ఎక్కడ తప్పిందో విని, తిరక్కుండానే “ఏడెనిమిదులు?” అనేవారు. నేను రెండో తరగతిలో ఉండగానే నాలుగో తరగతి పాఠాలు సగం నోటికొచ్చాయి. హాజరు పట్టీలో నా సంఖ్య పదమూడు. పన్నెండు నా పక్కన కూర్చునే పిల్లది. ఆమె పేరు ఇక్కడ రాయను. ఆమె “హాజరు సార్” అన్న వెంటనే నేను అనాలి కాబట్టి, నా సంఖ్య వినడం కంటే ఆమె గొంతు వినడమే నాకు గుర్తు. ఆమె పలకగానే నా నోరు దానంతట అదే తెరుచుకునేది. ఆ ఏడు వాన లేక చెనక్కాయ పంట చేతికి రాలేదు. దసరా దాటాక వాళ్ల ఇంటిల్లిపాదీ బెంగుళూరికి కట్టడం పనులకు పోయారు. అయ్యవారు మాత్రం రోజూ పన్నెండు పిలిచేవారు. పిలిచి, తల ఎత్తి ఆ చోటు వైపు చూసేవారు. “రాలేదు సార్” అనేదాన్ని నేను. ఆ మాట అన్నాక నా వంతు హాజరు పలకడానికి గొంతు తడబడేది. పట్టీలో వచ్చినవాళ్లకు పొద్దున ఒక ఏటవాలు గీత, మధ్యాహ్నం దాన్ని కోస్తూ ఇంకో గీత. ఆమె వరసలో మాత్రం ఎర్రసిరాతో ‘ఏ’, ‘ఏ’, ‘ఏ’ అని వారాల తరబడి సాగిపోయింది.

సంక్రాంతికి వచ్చారు వాళ్లు. పండగ అయ్యాక ఆమె బడికి వచ్చింది. నా పక్కనే కూర్చుని తెలుగు వాచకం తీసి, దసరాకు ముందు మేము ఎక్కడున్నామో సరిగ్గా ఆ పేజీ తెరిచింది. అక్కడ మూల మడిచి ఉంది. మేము అప్పటికి నాలుగు పాఠాలు దాటేశాం. ఆమె నా పుస్తకంలోకి చూసి, తన పుస్తకంలోకి చూసి, మడత విప్పి వేలితో నున్నగా రుద్దింది. ఏమీ అనలేదు. గోటి సందుల్లో సిమెంటు పట్టి ఉంది. తెల్లగా, సుద్దముక్కలాగే. మా బడిలో ముందు వచ్చినవాళ్లు నల్లబల్ల మీద తేదీ వేయాలి. ఆరోజు అప్పటికే నేను వేసేశాను. అయ్యవారు నా రాత తుడిచేసి సుద్దముక్క ఆమె చేతికిచ్చారు. నాకు అప్పుడు కోపం వచ్చిన మాట నిజం. ఆమె తేదీ వేసింది కానీ నెల తప్పు రాసింది. అక్టోబరు అని రాసింది. పిల్లలు నవ్వారు. అయ్యవారు నవ్వలేదు, దిద్దనూ లేదు. సాయంత్రం దాకా మా బడిలో అక్టోబరే. అలా ఎందుకు వదిలేశారో నలభై ఏళ్లుగా అప్పుడప్పుడూ ఆలోచిస్తుంటాను. మర్చిపోయారా? ఆమె బడి ఆగిన చోటి నుంచే మొదలవుతుందని మాకు చెప్పదలచుకున్నారా? ఉగాదికి ముందే వాళ్లు మళ్లీ పోయారు. జూన్‌లో కొత్త పట్టీ వచ్చింది. “పన్నెండు” అని పిలిస్తే ఎవరూ పలకలేదు. అయ్యవారు నా వైపు చూసి, “ఈ ఏడు పన్నెండు నువ్వేనమ్మా” అన్నారు.

ఇదే నేల మీద రెండు వందల ఏళ్ల కిందట బడి ఎలా తెల్లవారేదో చెప్పే ఉత్తరం ఒకటుంది. 1822లో మద్రాసు గవర్నరు థామస్ మన్రో ఏ జిల్లాలో ఎన్ని బడులున్నాయో లెక్క పంపమని కలెక్టర్లకు రాశాడు. బళ్లారి కలెక్టరు ఎ.డి. కాంప్‌బెల్ 1823 ఆగస్టులో జవాబిచ్చాడు. తెలుగుకు ఇంగ్లీషులో వ్యాకరణం రాసిన మనిషి ఆయన. అప్పటికి మా అనంతపురం విడి జిల్లా కాదు, 1882 దాకా బళ్లారిలో కలిసే ఉంది. తొమ్మిది లక్షల పైచిలుకు జనానికి 533 బడులు, వాటిలో 6,641 మంది పిల్లలు. అంతమందిలో ఆడపిల్లలు 60. ధరంపాల్ 1983లో అచ్చువేసిన ‘ది బ్యూటిఫుల్ ట్రీ’లో ఆ ఉత్తరం చదివినప్పుడు నేను ఆగిపోయింది అంకెల దగ్గర కాదు. బడి పొద్దున ఆరింటికి మొదలవుతుందట. అందరికన్నా ముందు వచ్చిన పిల్లవాడి అరచేతిలో సరస్వతి పేరు రాస్తారు. రెండోవాడి చేతిలో సున్న, అంటే మెప్పూ లేదు, తప్పూ లేదు. మూడోవాడికి మెల్లగా ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా ఒక్కొక్కరికి ఒక్కొక్కటి పెరుగుతూ పోతుంది. బడికి సగటున పన్నెండు మంది అని ఆయనే రాశాడు. అంటే ఆఖరున అడుగుపెట్టినవాడికి పది దెబ్బలు. ఆ పన్నెండోవాడు నా మనసులోంచి పోవడం లేదు. గేదెకు గడ్డి వేసి, దూరపు బావి నుంచి నీళ్లు తెచ్చి, పరుగున వచ్చి గుమ్మంలో చెయ్యి చాచి ఉంటాడు. ఒకరోజు, రెండు రోజులు. మూడోరోజు బడి కనబడే మలుపు దగ్గరే వెనక్కి తిరిగి ఉండడా?

ఆ ఉత్తరంలో ఇంకా ఉన్నాయి. అక్షరం ముందు నోటితో కాదు, ఇసుకలో వేలితో నేర్చుకునేవారట. పుస్తకాలన్నీ పద్యాలే, మాట్లాడే భాషకు చాలా దూరం. పిల్లవాడికే కాదు, చాలాచోట్ల చెప్పే అయ్యవారికి కూడా అర్థం తెలియదు, వల్లె వేయించడమే. ఒక శతాబ్దం తిరక్కముందే గిడుగు రామమూర్తిగారు వాడుక భాష కోసం ఎందుకంత పట్టుబట్టి పోరాడారో ఈ ఒక్క వాక్యం చూస్తే తెలుస్తుంది. అన్నింటికన్నా నన్ను కదిలించింది మాత్రం, బడికి పిల్లలు ఎందుకు తక్కువ అన్నదానికి కాంప్‌బెల్ చెప్పిన కారణం. సోమరితనం అనలేదు, శ్రద్ధ లేదనీ అనలేదు. దేశం క్రమంగా పేదదైపోతోంది, అందుకే పిల్లలు బడికి రావడం లేదు అన్నాడు. కుంపెనీ కొలువులో ఉండి ఆ మాట రాశాడు. ఆ అరచేతుల మీద దెబ్బల లెక్కను, ఈ పేదరికం మాటను ఒకే కాగితం మీద చదివితే నోట మాట రాలేదు. వచ్చినవాళ్లను వరసపెట్టి కొలిచే బడి, రానివాళ్లను కనీసం లెక్కపెట్టిందా?

ఇప్పుడు చట్టం ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ఏడాదికి 200 పనిదినాలు, 800 గంటల చదువు. రోజుకు నాలుగు గంటలన్నమాట. బడికి ఆ లెక్క సరిపోతుంది. పిల్లకు సరిపోతుందా? మా వైపు చెనక్కాయలు పీకే రోజుల్లో నలభై రోజులు రాని పిల్లకు 160 గంటలు పోయినట్టే. పాఠ్యప్రణాళిక మాత్రం ఆ నలభై రోజులూ నడుస్తూనే ఉంటుంది. నవంబరులో గుణకారం, డిసెంబరులో భాగహారం. గుణకారం రాకుండా భాగహారం దగ్గర కూర్చున్న పిల్ల మొహం ఎలా ఉంటుందో నాకు తెలుసు. పుస్తకం మూల మడత విప్పి వేలితో రుద్దుకుంటూ ఉంటుంది. మదనపల్లె దగ్గర రిషి వ్యాలీ వాళ్లు చుట్టుపక్కల పల్లెబడుల కోసం ఒక పద్ధతి తయారుచేశారు. అక్కడ పాఠాలు పేజీలుగా ఉండవు. కార్డులుగా, నిచ్చెన మెట్లుగా ఉంటాయి. ప్రతి పిల్లా తన మెట్టు తనే చూసుకుంటుంది, ఆ మెట్టు కార్డు తీసుకుని తన గుంపులో కూర్చుంటుంది. ఐదు తరగతుల వయసువాళ్లూ ఒకే గదిలో ఉంటారు. తమిళనాడూ కర్ణాటకా అక్కడి నుంచే ఆ దారి పట్టాయి. నాకు అందులో నచ్చింది కార్డుల రంగులు కాదు. నెల తర్వాత తిరిగొచ్చిన పిల్ల, తను వదిలిన మెట్టు మీదే కాలు పెట్టొచ్చు. తరగతి ఆమెను దాటిపోయి ఉండదు. ఆ పద్ధతి గురించి చదివిన రాత్రి, అక్టోబరు అని రాసి ఉన్న మా నల్లబల్ల గుర్తొచ్చి లేచి కూర్చున్నాను.

అయితే అన్ని బడుల్లో కార్డులు ఉండవు. కార్డులు ఉన్నంత మాత్రాన చూసే కన్ను ఉంటుందనీ లేదు. పోయిన నవంబరులో, ఈ ఎదుటి బడిలోనే, ఒక పొద్దున హాజరు పందొమ్మిది. అలా రెండు మూడు వారాలు నడిచింది. తర్వాత ఒక పిల్లవాడు వచ్చాడు. వేళ్ల మీద చెనక్కాయల మట్టి మరకలు ఇంకా పోలేదు. టీచరమ్మ హాజరు అయ్యాక పాఠం మొదలుపెట్టకుండా, “ఎన్ని మూటలైనాయిరా మీకు?” అని అడిగింది. ఆరోజు కిటికీ దగ్గరే నిలబడిందేమో, మాట తేటగా వినిపించింది. “పద్నాలుగు మేడం.” “మూటకు ఎంతిచ్చినారు?” వాడు చెప్పాడు. ఆమె రెండంకెలూ బల్ల మీద వేసింది. గది అంతా గుణించడం మొదలుపెట్టింది. వాడూ గుణించాడు. వాడు రాని రోజుల్లో తరగతి ఎక్కడికి చేరిందో ఆమెకు తెలుసు, వాడు ఎక్కడ నుంచి వస్తున్నాడో కూడా తెలుసు. పుస్తకంలో వేరుశనగ అనే ఉంటుంది. ఆ గదిలో ఆరోజు మాత్రం చెనక్కాయ అనే పలికారు.

ఇప్పుడు హాజరు ఫోనులో కూడా వేయాలి. పేర్లు చదివాక టీచరమ్మ కొంతసేపు తల వంచుకుని తెర మీద వేలితో ఏదో నొక్కుతూ కనిపిస్తుంది. సిగ్నల్ అందకపోతే వరండాలోకి వచ్చి ఫోను పైకెత్తి పట్టుకుంటుంది. ఆ లెక్క ఎక్కడికో పైకి పోతుంది, అక్కడ ఎన్ని బడుల అంకెలో కలిసి ఏదో పట్టికలో కూర్చుంటాయి. అదీ కావలసిందే, గుడ్లూ బియ్యమూ వచ్చేది ఆ అంకెలను బట్టే కదా. కానీ తెర మీద నొక్కిన వేలు ఖాళీ చోటు వైపు చూడదు. మూలన సుద్దతో అంకె వేసే పిల్ల చూస్తుంది. ఎందుకంటే తీసివేత ఆమే చెయ్యాలి. ముప్పై ఒకటిలోంచి ఎవరెవరు లేరో పేరుపేరునా తలుచుకుంటే తప్ప ఇరవై ఏడు రాదు. ఆ మూల చెరిగిపోకూడదని నా ఆశ.

జూన్ 12, గురువారం. బడి తెరిచారు. నేను ఏడింటికే మిద్దె ఎక్కాను, ఆరేయడానికి బట్టలు కూడా లేవు. గది తాళం తీశారు. బూజు దులిపారు. వంట చేసే ఆమె నీళ్లు చల్లింది. తొమ్మిదికి ముందే ఒక అమ్మాయి వచ్చింది. పొడవు చాలని పాత గౌను, కొత్త జడ రిబ్బన్లు. ఒక్కతే గదిలో తిరిగి కిటికీ దాకా వచ్చి, మూలనున్న ఏప్రిల్ 23ను చూసింది. కుర్చీ లాక్కుని ఎక్కింది. డస్టర్ దొరకలేదేమో, అరచేత్తోనే తుడిచింది. యాభై రోజుల సుద్ద పొడిగా రాలి ఎండలో మెరిసింది. తేదీ వేసింది, గురువారం అని రాసింది. ‘నమోదు’ అని రాసి పక్కన ఖాళీ వదిలేసింది. ఈ ఏడు ఎంతమందో ఇంకా ఎవరికీ తెలియదు. కింద ‘హాజరు’ అని రాసింది. సుద్దముక్క బల్లకు ఆనించి అలాగే పట్టుకుని, తల తిప్పి గేటు వైపు చూస్తూ నిలబడింది.